నెలవంక కింద దీపావళి

పోయిన వారం మా వీధి చివర కరెంటు స్తంభానికి ఒకాయన నంబరు వేస్తున్నాడు. ముందు పసుపు పట్టీ వేసి, అది తడిగా ఉండగానే దాని మీద నల్ల అంకె దిద్దబోయాడు. కూరల సంచీతో వెళుతున్నదాన్ని ఆగి, "ఆరనివ్వవయ్యా, తొందరపడితే కారిపోతుంది" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "తమరిదీ ఈ పనేనాండీ?" అన్నాడు. కాదని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి సంచీ కింద పెట్టాక గాని తట్టలేదు, ఆ మాట నాది కాదని. నలభై ఏళ్ళ కిందట కువైట్‌లో మా ఇంటికి వచ్చిపోయే ఒక మనిషి మాట అది. ఆయన పోయి ఏడాది దాటింది. మాట మాత్రం నా నోట్లో ఉండిపోయింది.

ఆయన పేరు రాయను. షుఐబా చమురు ఫ్యాక్టరీల్లో ఆయన పనిచేసే కాంట్రాక్టు కంపెనీలో ఆయనో నంబరు. మగవాళ్ళే ఉండే పనివాళ్ళ క్యాంపులో తోటివాళ్ళకి "పెయింటరు". మా ఇంట్లో "అన్నయ్యగారు". పేరు పెట్టి పిలిచే మనిషి వాళ్ళమ్మ ఒక్కతే, ఆవిడ కోనసీమలో ఉండేది. అన్నేళ్ళు పేరు లేకుండానే మా ఇంట్లో భోంచేసి వెళ్ళిన మనిషికి ఇప్పుడు పేరు రాసి నేను ఉద్ధరించేదేమీ లేదు.

ఆయన పని పైపుల మీదా ట్యాంకుల మీదా అక్షరాలు వెయ్యడం. రేకులో అక్షరం ఆకారం కత్తిరించి, ఆ రేకుని ఇనుముకి ఆనించి, కుంచెతో రంగు అద్దేవాడు. ఇంగ్లీషు చదవడం కొంచెం వచ్చు. అరబీ ఒక్క ముక్క చదవడం రాదు, కానీ "ప్రమాదం" అన్న అరబీ మాటని ఆయన దిద్దినంత అందంగా అక్కడివాళ్ళు కూడా దిద్దలేరని ఫోర్‌మన్ అనేవాడట. ఆ కళ్ళకి ఎక్కడ చూసినా అక్షరాలే. మా ఇంట్లో పాలడబ్బా చేతికిచ్చినా, తల పక్కకి వాల్చి, "ఈ అక్షరానికి నడుం నొప్పండి చెల్లెమ్మగారూ, సరిగ్గా నిలబళ్ళేదు" అనేవాడు. షర్క్‌లో మావారి ఆఫీసు బోర్డు చూసి, మూడో అక్షరానికి మెడ పట్టేసిందని తేల్చాడు. ఆ తరవాత మావారికి రోజూ ఆ బోర్డు కింద నుంచి వెళ్ళేటప్పుడు మెడ నొప్పిగా ఉండేదట.

ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలితో మోకాలి మీద ఏదో రాసుకుంటూ ఉండేవాడు. ఏంటని అడిగితే, "ఏం లేదండి, చెయ్యి ఊరుకోదు" అని చేతిని రెండో చేత్తో పట్టుకునేవాడు. గోళ్ళ చుట్టూ ఎప్పుడూ పసుపో ఎరుపో ఉండేది. కిరసనాయిలుతో రుద్దుకుని వచ్చేవాడేమో, ఆయన వస్తే గుమ్మంలోనే తెలిసిపోయేది. ఏ కష్టానికైనా ఆయన దగ్గర మందు ఒక్కటే. నాకూ మావారికీ మాటా మాటా పెరిగితే, "ఆరనివ్వండి" అనేవాడు. ఊరి నుంచి ఉత్తరం రాకపోయినా, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితాలు కదలకపోయినా, ఇసక గాలి లేచి రెండు రోజులు తగ్గకపోయినా, "ఆరనివ్వాలండి, తొందరపడితే కారిపోద్ది" అనేవాడు. అన్నిటికీ అదే మాటా అని నాకు ఒళ్ళు మండేది.

ఆయన భార్య, నేను వదిన అనేదాన్ని, సాల్మియాలో ఒక పెద్ద ఇంట్లో వంట చేసేది. మా ఫ్లాటుకి పావుగంట నడక. తొమ్మిదిమంది పిల్లలున్న ఇల్లు. యజమానురాలిని మామా అని పిలవాలి. మామా చెడ్డమనిషేం కాదు గాని, పొయ్యి ఆరని ఇంట్లో వంటమనిషికి సెలవంటే ఆవిడకి ఎలా కుదురుతుంది? అందుకని ఒక కట్టడి పెట్టింది. ఏడాదికి నాలుగు రోజులు సెలవు. ఏ రోజు కావాలన్నా సరే, నెల ముందు చెప్పాలి. చెప్పాక మార్చకూడదు, ఖలాస్. వదిన ఆ నాలుగు రోజుల్నీ నాలుగు పండగలకి పెట్టుకుంది. ఉగాది, వినాయకచవితి, దసరా, దీపావళి. పొద్దున్నే వాళ్ళ డ్రైవరు మా మెట్ల దగ్గర దింపేవాడు, రాత్రి ఎనిమిదింటికి వచ్చి తీసుకుపోయేవాడు.

అన్నయ్యగారికి సెలవు శుక్రవారం ఒక్కటే. ప్రతి శుక్రవారం రెండు బస్సులు మారి వచ్చేవాడు. ముందు మా ఇంటికి కాదు, ఆ ఇంటి సందు మొగకి వెళ్ళేవాడు. పది గంటలప్పుడు వదిన చెత్తబుట్ట బయట పెట్టడానికి వస్తుంది. అప్పుడు రెండు మాటలు. కొన్నిసార్లు ఒకటే. ఒక్కోసారి బుట్ట పట్టుకుని వేరే పనిమనిషి వచ్చేది. ఆ తరవాత మా మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పుతూ, "కనిపించిందండి" అనేవాడు. ఏమీ అనకపోతే కనిపించలేదని అర్థం. అప్పుడు నేను కూడా ఏమీ అడక్కుండా మంచినీళ్ళు ఇచ్చేదాన్ని.

వాళ్ళిద్దరూ వచ్చిన మొదటి ఏడాది దీపావళి వారం మధ్యలో పడింది. వదిన తిథి నాడే సెలవు పెట్టుకుని వచ్చింది. మా వంటింట్లో పూజ చేసింది, బూరెలు వండింది, డాబా పిట్టగోడ మీద దీపాలు పెట్టింది, ఎనిమిదింటికి వెళ్ళిపోయింది. ఆయన శుక్రవారం వచ్చాడు. మూడు రోజుల నాటి బూరెలు పెట్టాను. డాబా మీద మసిబారిన ప్రమిదలు చూసి, ఎవరూ చెప్పకుండానే వాటిని కిందికి తెచ్చి, సింకు దగ్గర నిలబడి ఒక్కొక్కటే కడిగాడు. ప్రమిదలంటే ప్రమిదలు కావు, పాలడబ్బా మూతలకి ఆయనే అంచులు వంచి ఎర్రరంగు వేసినవి. కడిగి, తుడిచి, బోర్లించి, "బాగా వెలిగినట్టున్నాయండి" అన్నాడు. నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

మళ్ళీ వచ్చినప్పుడు అడిగేశాను. "ఏ రోజైనా సెలవిస్తుందిగా మీ మామా. శుక్రవారం పెట్టుకుంటే ఏం పోయింది వదినా? ఇక్కడ అందరూ అలాగే చేసుకుంటున్నారుగా."

వదిన పిండి కలుపుతున్న చెయ్యి ఆపింది. "తిథి తప్పిన పండగ పండగెలా అవుద్దమ్మా? చంటిదాన్నీ పిల్లోణ్ణీ మా అత్తగారి మీద పడేసి సముద్రం దాటొచ్చినదాన్ని. నేను తిథి తప్పకుండా దీపం పెట్టినంతకాలం పిల్లలకి ఏ లోటూ రాదని ఆవిడ చేతిలో చెయ్యేయించుకుంది. పిల్లల్నీ వదిలేసి, తిథినీ వదిలేస్తే ఇంక నా దగ్గర ఏముంటాదమ్మా?"

ఒక పక్క ఆయన సింకు దగ్గర నిలబడటం కళ్ళల్లో ఉంది. ఇంకో పక్క ఈవిడ మాట. ఇద్దరిదీ న్యాయమే అయినప్పుడు మధ్యనున్నవాళ్ళకి అన్నం సయించదు. ఏడాదికి నాలుగంటే నాలుగు రోజులు, అవి కూడా కలవకపోతే వీళ్ళిద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారని ఎలా అనడం?

ఆ తరవాతి జనవరిలో ఒక శుక్రవారం, ఊరి నుంచి ఎవరో పెట్టెలో పెట్టుకొచ్చిన తెలుగు క్యాలెండరు పట్టుకుని వచ్చాడాయన. తమకంటూ గోడ లేదు కాబట్టి మా వంటింటి గోడకే తగిలిస్తానన్నాడు. సరే అని స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి భోజనాల బల్ల మీద క్యాలెండరు పరిచి ఉంది. పక్కన అగ్గిపెట్టెంత తెల్లరంగు డబ్బా, ఎర్రరంగు డబ్బా, పిల్లి మీసమంత కుంచె. ముక్కు కాగితానికి తగిలేంత వంగి ఉన్నాడు.

"ఏంటన్నయ్యగారూ?"

"పండగని కాస్త పక్కకి లాగుతున్నానండి" అన్నాడు, తల ఎత్తకుండా.

చూద్దును కదా, మంగళవారం గడిలో దీపావళి లేదు. తెల్లగా ఉంది. శుక్రవారం గడిలో ఎర్రటి అక్షరాలు తడిగా మెరుస్తున్నాయి. పక్కన బుల్లి అక్షరాలతో అమావాస్య కూడా వచ్చి కూర్చుంది. దేవుడితో ఆటలా అన్నాను, ఆవిడ నమ్మకంతో ఆటలా అన్నాను, మా ఇంట్లో ఇలాంటివి కుదరవన్నాను. మావారు పేపరు చాటున నవ్వుతుంటే ఆయన్ని కూడా కలిపి తిట్టాను.

అంతా విని, కుంచె గుడ్డతో తుడిచి, నెమ్మదిగా చెప్పాడు. "తిథి రాకముందే చేస్తే దొంగతనం అండి. వచ్చి వెళ్ళాక చేస్తే ఆలస్యం అండి. ఆలస్యంగా వచ్చినోణ్ణి ఏ దేవుడూ గెంటెయ్యడండి. అందుకే తరవాతొచ్చే శుక్రవారమే చూసుకున్నాను, ముందుది ముట్టుకోలేదు."

"పాపం తగిలితే?"

"రాసిన చెయ్యి నాదండి. నాకు తగలనివ్వమని చెప్పుకున్నాను. మా ఆవిడకీ పిల్లలకీ ఏ సంబంధం లేదని కూడా చెప్పుకున్నాను." రంగు డబ్బాకి మూత పెడుతూ, "మీరు చూళ్ళేదంతేనండి, ఆయ్" అన్నాడు.

చూడకుండా ఎలా ఉంటాను? చూశాను. చూసి, "ఆ 'ళి' అచ్చుదానికంటే కొంచెం లావుగా ఉంది" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. అప్పుడు అర్థమైంది, నేనూ దొంగల్లో చేరిపోయానని.

ఉగాది శుక్రవారమని ఆయన సందు మొగలో నెల ముందే చెప్పి ఉంచాడు, ఆ రోజుకే సెలవడిగి వదిన వచ్చింది. కాళ్ళు కడుక్కుని నేరుగా క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, కాగితాలు తిప్పి, దసరా దగ్గరా దీపావళి దగ్గరా వేలు పెట్టి చూసింది. "ఏటమ్మా, ఈ ఏడాది పండగలన్నీ శుక్రవారమే పడ్డాయి?" అంది. నేను చారు గిన్నెలోకి తొంగి చూస్తూ ఉండిపోయాను. హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది. "అదృష్టం తన్నుకొస్తే అలాగే ఉంటాదే!" వదిన కొంచెంసేపు ఆ గడినే చూసింది. తరవాత నవ్వింది. "దేవుడిక్కూడా కువైట్‌లో సెలవు శుక్రవారమే కాబోలు" అని కొంగు బిగించి పొయ్యి దగ్గరికి వచ్చింది. అమాయకురాలు, గండం గడిచిందనుకున్నాను.

అలా ఆరేళ్ళు గడిచాయి. ప్రతి జనవరిలో క్యాలెండరు వచ్చేది, ప్రతి జనవరిలో తిథులు కదిలేవి. ఆ ఆరేళ్ళూ ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగాయా, లేక ఎండాకాలం మధ్యాహ్నం నిద్రలో వచ్చిన కలా అనిపిస్తుంది. దసరా నాటికి ఎండ మెత్తబడేది. ఆరు నెలలుగా మూసి ఉన్న కిటికీలు తెరిచేవాళ్ళం. ఏసీ ఆపగానే చెవుల్లో ఒక్కసారిగా నిశ్శబ్దం దిగేది, ఆ నిశ్శబ్దంలోకి ఎక్కడో సముద్రం చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వినిపిస్తే చాలు, మాకు పండగల కాలం వచ్చినట్టు.

పండగ నాడు ఆయన తెచ్చే బహుమతి చేతికివ్వడం అంటూ ఉండదు. ముందు శుక్రవారమే తెచ్చి మా ఇంట్లో దాచేవాడు. బియ్యం డబ్బాలో, ఫ్రిజ్ వెనకాల, మావారి డ్రాయింగు గొట్టంలో. పైన చుట్టడానికి మావారి ఆఫీసులో పనికిరాని, ప్లాన్ల నకళ్ళు తీసిన నీలం కాగితం. దాని మీద రేకు పెట్టి మూడు భాషల్లో అచ్చం ఓడసరుకులా ముద్ర వేసేవాడు: "జాగ్రత్త. పైభాగం ఇటు." వదిన ఇల్లంతా వెతకాలి. ఆయన హాల్లో కూర్చుని, దగ్గరికొస్తే "ఎండ", దూరం పోతే "చలి" అంటూ ఉండేవాడు. ఓసారి వదిన మా బియ్యం మొత్తం పరుపు మీద పోసేసింది. వారం రోజులు పక్కలో బియ్యపు గింజలు గుచ్చుకున్నాయి. అంతా చేసి లోపల ఉన్నది గాజుల జతో, సబ్బుల పెట్టో, చిన్న అద్దమో. దొరికాక కూడా వెంటనే విప్పేది కాదావిడ. అరచేతిలో బరువు చూసేది, వాసన చూసేది, చెవి దగ్గర ఊపి చూసేది. "విప్పవే" అని ఆయన బతిమాలితే, "ఆరనివ్వండి" అనేది.

ఆవిడ తక్కువ తినలేదు. బెల్లం దొరక్క ఖర్జూరంతో పూర్ణం చేసేది. పాతిక బూరెల్లో ఒక్కదాన్లో పూర్ణం బదులు మాగాయ ముక్క పెట్టేది. అది ఎవరికి వస్తుందో తెలియదు. కానీ ప్రతిసారీ ఆయనకే వచ్చేది, ఎలా వచ్చేదో నాకు ఇప్పటికీ తెలియదు. మొహంలో ఒక్క గీత కదలకుండా మొత్తం తిని, మంచినీళ్ళు తాగి, ఎవరైనా అడుగుతారేమోనని చూసేవాడు. ఎవరూ అడక్కపోతే ఆయనే, "ఈ బూరి ఊరగాయ కాలంలో పుట్టినట్టుందండి" అనేవాడు. ఆవిడ ఇచ్చే బహుమతి మాత్రం క్యాంపుకి వెళ్ళాక గాని బయటపడేది కాదు. ఆయన సంచీ అడుగున దోపేసేది. ఒకసారి మామా కూతురు అప్పటికప్పుడు బొమ్మ వచ్చే కెమెరాతో తీసిన వదిన ఫొటో. గరిటె పట్టుకుని, కళ్ళు మూసుకుపోయి ఉంది. మరుసటి శుక్రవారం దాన్ని మాకు చూపించడానికి తెచ్చాడు. అంచులు మాత్రమే వేళ్ళతో పట్టుకుని, రంగు తడి ఆరని రేకుని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు.

ఆ ఆరేళ్ళలో ఒక్క సాయంత్రం మాత్రం కలలా కాదు, ఇప్పటికీ కళ్ళముందు ఉన్నట్టే ఉంటుంది. ఆ ఏడాది అసలు దీపావళి మంగళవారం వెళ్ళిపోయింది. మాది శుక్రవారం. సూర్యుడు దిగాక నలుగురం డాబా ఎక్కాం. నీళ్ళ ట్యాంకులూ, టీవీ యాంటెన్నాలూ, పక్కింటివాళ్ళు తియ్యడం మరిచిపోయిన దుప్పట్లూ. దుమ్ము వల్ల ఆకాశం గులాబీరంగులో ఉంది. మసీదు నుంచి సాయంత్రం నమాజు పిలుపు వచ్చి ఆగిపోయింది. వదిన తూర్పు పిట్టగోడ మీద వంగి మూతల్లో నూనె పోస్తోంది. నేను వత్తులు అందిస్తూ యథాలాపంగా పడమటి వైపు చూశాను.

నెలవంక ఉంది. సన్నగా, తెల్లగా, ఎవరో గోరుతో గీసినట్టు, మసీదు మినారు పక్కన.

అంతకుముందు ఏళ్ళలో దుమ్మో మబ్బో అడ్డుపడి మమ్మల్ని కాపాడింది. దీపావళి నాడు ఆకాశంలో చంద్రుడేమిటి? చిన్నపిల్లలకైనా తెలుసు, దీపావళి అంటే అమావాస్య అని. వదిన ఇటు తిరిగిందంటే అయిపోయిందే. ఇన్నేళ్ళ పండగలూ అబద్ధమని తెలుస్తుంది. పిల్లల కోసం కాపాడుకొస్తున్న తిథి ఎన్నిసార్లు తప్పిందో లెక్క తెలుస్తుంది. ఆ మనిషి తట్టుకోగలదా? ఆయన్ని క్షమిస్తుందా? ఆయన వంక చూశాను. ఆయన కూడా అటే చూస్తున్నాడు.

మరుక్షణం మెట్లు దిగి పరిగెత్తాడు. తిరిగి వచ్చేసరికి చేతిలో పొడుగాటి పొట్లం. ఆ ఏడాది బహుమతి. దీపాలయ్యాక వెతికించాలని మా మంచం కింద దాచింది. వెతకడం లేదు, ఎండ లేదు, చలి లేదు. "పైభాగం ఇటు" అన్న కాగితాన్ని తన చేత్తో తనే పర్రున చింపేశాడు. లోపల గొడుగు. నల్లటి పెద్ద గొడుగు. టప్పున తెరిచి, వదిన వెనక్కి వెళ్ళి, ఆవిడ తల మీద పడమటి వైపుకి వాల్చి పట్టుకున్నాడు.

"ఏటండీ ఇది? వానా లేదు, ఎండా లేదు!"

"మంచు పడతాందే. జలుబు చేస్తాది."

"కువైట్‌లో మంచా?"

"కొత్తగా మొదలైంది."

మావారు నవ్వు ఆపుకోలేక నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళిపోయారు. నాకు నవ్వు రాలేదు. వదిన ఒక్కో దీపం వెలిగిస్తూ గోడ వెంట నడుస్తుంటే, ఆయన గొడుగు పట్టుకుని అడుగులో అడుగేస్తూ వెంట నడిచాడు. ఆవిడ తూర్పు గోడ నుంచి దక్షిణం గోడకి తిరిగితే, గొడుగు ఆవిడ కుడి భుజం మీదికి వాలింది. ఆవిడ వంగితే వంగింది. లేస్తే లేచింది. చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చాడు గాని గొడుగు దించలేదు. చుట్టూ నలభై చిన్న దీపాలు, మధ్యలో ఆ నల్ల గొడుగు, దాని కింద ఇద్దరు మనుషులు ఏవో మాటలు చెప్పుకుంటూ నెమ్మదిగా కదులుతున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. ఏడాదికి సరిపడా మాటలు కదా, తొందరగా తెమలవు.

గంట దాటింది. చంద్రుడు దిగి దిగి ఎదురుగా ఉన్న మేడల వెనక్కి పోయాడు. అప్పుడు వదిన, "ఇంక చాల్లెండి, మంచు తగ్గింది. ముయ్యండి" అంది. ఆయన గొడుగు మూసి, పిట్టగోడకి చేరగిలబడి, ఎండలో పదిగంటలు పని చేసినవాడిలా ఊపిరి వదిలాడు. బతికిపోయాం అన్నట్టు నా వంక చూసి కళ్ళు మూసి తెరిచాడు. నేనూ తల ఊపాను. ఆ రాత్రి డ్రైవరు వచ్చి హారన్ కొట్టినప్పుడు, వదిన గొడుగు చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

ఎనభైల చివర్లో వాళ్ళు కోనసీమ వెళ్ళిపోయారు. ఆ తరవాత మేమూ వచ్చేసి కాకినాడలో స్థిరపడ్డాం. అప్పుడప్పుడూ పెళ్ళిళ్ళలో కలిసేవాళ్ళం. ఆయన్ని చివరిసారి చూసింది పోయేముందు ఏడాది. చేతులు వణుకుతున్నాయి, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. వదిన కొబ్బరికాయ తేవడానికి పెరట్లోకి వెళ్ళగానే, నా వైపు వంగి గుసగుసగా, "చెప్పలేదు కదండీ?" అన్నాడు. ఏమిటని అడగక్కర్లేదు. లేదన్నాను. "చెప్పకండి. ఆరిపోయిన రంగుని గోకకూడదండి" అన్నాడు. అలాగేనని మాటిచ్చాను.

ఆ మాట నిలబెట్టుకోలేదు. ఆయన సంవత్సరీకానికి నాకు జ్వరం వచ్చి వెళ్ళలేకపోయాను. తగ్గాక, మూడు రోజులకి వెళ్ళాను. కార్యం అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయి, ఇల్లు ఖాళీగా ఉంది. కొడుకు కూడా హైదరాబాదు బస్సెక్కేశాడట. వదిన ఒక్కతే వంటింట్లో ఉంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఎదురుగా పీట మీద కూర్చున్నాను. ఆయన లేని ఆ ఇంట్లో ఆవిడ ముందు కూర్చుంటే, ఆ అబద్ధం ఒక్కసారిగా నా ఒక్కదానిదే అయినట్టు తోచింది. మోయలేకపోయాను.

"వదినా, నీ దగ్గర ఒక తప్పు చేశాను. ఇన్నేళ్ళూ దాచాను."

వదిన కందిపప్పు ఎనుపుతూనే, "క్యాలెండరు సంగతేనా?" అంది.

పీట ముందుకి జరుపుకుని ఆవిడ మొహంలోకి చూశాను.

"మామా వంటింట్లో గోడకి వాళ్ళ క్యాలెండరు ఉండేది కదమ్మా. వాళ్ళ నెల నెలవంకతోనే పుడతాది. వాళ్ళకి కొత్త నెల వచ్చిందంటే మన అమావాస్య వెళ్ళిపోయినట్టే. ఎనిమిదేళ్ళు ఆ గోడ ముందే వండాను. మొదటి ఉగాదికే తెలిసింది నాకు."

"మరి నీ తిథి? పిల్లల కోసం నువ్వు..."

"తిథి ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజు పొద్దు గూకాక నా గదికి గెడేసుకుని, సీసా మూతలో ఆలివ్ నూనె పోసి దీపం పెట్టుకునేదాన్ని. ఓ ఏడాది గెడెయ్యడం మరిచిపోయాను, మామా చూసేసింది. ఏమంటాదో అని వణికిపోయాను. ఏమీ అన్లేదు. మర్నాడు ఓ గాజు గిన్ని తెచ్చి మంచం పక్కన పెట్టేసి వెళ్ళింది." గరిటె పక్కన పెట్టింది. "అది దేవుడి దీపం. మీ ఇంటికొచ్చి పెట్టింది మా ఇద్దరిదీ."

"ఆయనకి ఒక్కసారైనా చెప్పకపోయావా వదినా? ఎంత భయపడ్డాడో, ఆ గొడుగు పట్టుకుని!"

"ఎందుకు చెప్పాలమ్మా? గాజులిచ్చినా, అద్దమిచ్చినా ఇల్లంతా వెతికించి ఇచ్చేవాడు. పండగొక్కటీ తనే మోసుకొచ్చి నా ముందు పెట్టాడు. ఇది నిజంది కాదని నేనంటానా? చివర్లో ఆస్పత్రి మంచం మీద కూడా నన్ను చూసి తనలో తనే నవ్వుకునేవాడు. దేనికి నవ్వుతున్నాడో నాకు తెలుసు. దొరక్కుండానే పోతున్నానన్న సంతోషం. అదలాగే పట్టుకెళ్ళనిచ్చాను."

నాకు ఏడుపొచ్చింది. ఆరేళ్ళు నా వంటింట్లో నేను తెలివైనదాన్నీ, ఆవిడ అమాయకురాలూ అనుకున్నాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, ఏడవద్దనీ అనలేదు. లేచి, పెరట్లోకి వెళ్ళి, అరిటాకు కోసుకొచ్చింది. కడిగి, హాల్లో ఆయన కూర్చునే చోట నేల తుడిచి పరిచింది. అన్నం, పప్పు, నెయ్యి, వంకాయ కూర ఒక్కొక్కటీ తెచ్చి వడ్డించడం మొదలుపెట్టింది.

నాకు అర్థం కాలేదు. "మొన్న మంగళవారమే అబ్బాయి చేత పెట్టించారు కదా వదినా? మళ్ళీ ఇదేంటి?"

"అది తిథి ప్రకారం పెట్టింది. పెట్టాలి, తప్పదు." ఆకు పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టి, కొంగు సర్దుకుని ఎదురుగా కూర్చుంది. "తిథికి ఆయనెప్పుడొచ్చాడమ్మా? ఆయనకి సెలవు శుక్రవారమేగా."